రెండు పిడికెళ్ల ఉప్పు

రాజోలు కళాసమితి హాల్లో
తెర వెనక, ఎడమ పక్క
మూడు మట్టి గోలేలుండేవి.
దాహమేసి ముంత ముంచబోయిన కృష్ణ వేషగాణ్ణి
ఇస్సాకు మావ జబ్బ పట్టి లాగేశాడోసారి.
"తాగే నీళ్లు కావు బాబూ,
అందులో కరెంటుంది."

గోలెం అడుగున ఒక రేకు,
తాడుకి వేలాడుతూ ఇంకో రేకు,
మధ్యన కాలవ నీళ్లు,
రెండు పిడికెళ్ల కల్లుప్పు.
పై రేకు దిగితే తెల్లారుతుంది.
లేస్తే పొద్దుగూకుతుంది.
రాజు ప్రాణం పోయే సీనులో
జానెడెత్తున ఆపి ఊపిరి బిగబట్టాలి,
రాజు కాదు, మనం.

నాకప్పుడు పదమూడేళ్లు.
అమ్మ హాలు ఊడ్చేది,
కుర్చీల కింద వేరుశనగ తొక్కలు నా వంతు.
"చేతులు పొడిగా తుడుచుకునిరా" అన్నాడు మావ.
అదే నా అక్షరాభ్యాసం.
చెక్క మీదే నిలబడాలి.
రబ్బరు చెప్పులు విప్పకూడదు,
స్టేజీ మీద సాక్షాత్తూ రాముడున్నా సరే.

వేసవిలో కాలవలు కట్టేస్తే
బోరు నీళ్లు పోసేవాళ్లం.
అవి వాటంతటవే ఉప్పన,
సముద్రం మా ఊరి కిందికి ఎంతదాకా వచ్చిందో
మావకి ముందు తెలిసేది.
స్విచ్చి వెయ్యకముందు
ఒక్క చుక్క నాలిక చివర వేసుకుని
పులుసు రుచి చూసినట్టు కళ్లు మూసుకునేవాడు.
"ఇవాళ ఒక పిడికెడు చాలే."

ఇంకా చాలా పనులుండేవి.
తెరకి అంబాజీపేట కొబ్బరితాడు,
శ్రావణంలో ఉబ్బి కప్పీలో ఇరుక్కుంటే
కొవ్వొత్తి ముక్క రుద్దాలి.
ఎలకలు కొరికిన వైర్లకి టేపు చుట్టాలి.
మైకు ఈల వేస్తే దాని మెడ తిప్పాలి.
ఇవన్నీ ఎవరూ చూడకుండా.
చూశారంటే ఏదో పాడైనట్టే.

పరిషత్తు పోటీల ఆఖరి రాత్రి,
ఆఖరి నాటిక.
కూతురి ఉత్తరం చదివే తండ్రి
సగంలో ఆగిపోయాడు.
ఆపడం కాదు, మర్చిపోయాడు.
ప్రాంప్టరు చేతిలో బ్యాటరీ లైటు చచ్చింది.
ఆ ఖాళీ ఎంతసేపో!
సోడా కుర్రాడు కూడా గోలీ కొట్టకుండా నిలబడ్డాడు.

అప్పుడు మావ చెయ్యి కదిలింది.
రేకు వేలెడు వేలెడు లేచింది.
ముందు గోడ పోయింది, తర్వాత మంచం,
తర్వాత ఆయన ముఖం.
ఉత్తరం పట్టుకున్న వేళ్లు మాత్రం మిగిలాయి.
ఆడవాళ్ల వరసలో ఎవరో ముక్కు చీదారు.
చీకట్లో ఆ వెతుకులాట ఎవరికీ కనబడలేదు.
మాట దొరికింది.
మావ మళ్లీ దించాడు.

ఆ మౌనం దర్శకుడి ప్రతిభకి పరాకాష్ఠ
అన్నారు న్యాయనిర్ణేతలు.
షీల్డు చంకన పెట్టుకుని దర్శకుడు వెనక్కొచ్చాడు.
"ఏం చేశావు మావా అక్కడ?"
"నేనేం చేశానండీ? వోల్టేజీ పడిపోయింది."

జనం పోయాక, స్విచ్చి తీశాక
గోలేల నీళ్లు మోసుకెళ్లి
మేకప్ గది వెనక కొబ్బరిచెట్టు మొదట్లో పోసేవాళ్లం.
కొబ్బరికి ఉప్పు మంచిదే.
ఎన్ని పొద్దుగూకుళ్లు తాగిందో ఆ చెట్టు!
బొండాలు మాత్రం
అందరి చెట్ల బొండాల్లాగే ఉండేవి.

ఇప్పుడు నా ముందు కంప్యూటరు బోర్డు.
తెల్లవారుజాము మూడో నంబరు.
నొక్కితే వస్తుంది,
ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు అదే తెల్లవారుజాము.
రిహార్సలుకి మావ వస్తాడు,
శుక్లాలు తీసిన కళ్లకి నల్లద్దాలు,
నిచ్చెన పక్కన ప్లాస్టిక్ కుర్చీ.
ముఖం పైకెత్తి అడుగుతాడు:
"ఈ దీపాలకి వేడి లేదేంటే?"

నిన్న మూడో నంబరు నొక్కాను.
ఆయన కాసేపు అలాగే కూర్చుని
నాలిక పెదవి మీద ఆడించుకున్నాడు.
"ఉప్పెక్కువైంది పిల్లా."
నవ్వొచ్చింది.
మళ్లీ చూశాను.
నాలుగు పాయింట్లు తగ్గించాను.